కొమ్ము మీద రాసి ఉన్న వయస్సు

మీ ఊరి గొర్రెల మందలో పొట్టేలును ఎప్పుడైనా దగ్గరగా చూశారా? ఈసారి చూసినప్పుడు దాని కొమ్మును చేత్తో తడిమి చూడండి. అది నున్నగా ఉండదు. గీతలు, గట్లు వేళ్లకు తగులుతాయి. మందను కాసే తాతనడిగితే పళ్లు చూసి, కొమ్ము చూసి, "ఇది మూడేళ్లది" అని ఠక్కున చెప్పేస్తాడు.

ఆ పొట్టేలు మీ చేతికి అందుతుంది. మరి కిలోమీటరు దూరంలో, కొండచరియ మీద నిలబడ్డ అడవి పొట్టేలు వయస్సు చెప్పాలంటే ఎలా? లెక్క తప్పితే పోకూడని ప్రాణం పోతుందంటే?

అలా వయస్సు లెక్కగట్టే మనిషి వెంట ఇవాళ ఊహలో మనమూ ఒక కొండ ఎక్కుదాం. అతను వేటగాళ్లకు దారి చూపే గైడు. చోటు అమెరికాలోని టెక్సస్ రాష్ట్రపు పడమటి కొస. మీకు తుపాకీ అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం, పెన్సిలు చాలు.

ఎడారిలో కొండలు

అట్లాసు తీసి టెక్సస్‌లో పెకోస్ అనే నదిని వెతకండి. దానికి పడమరగా, మెక్సికో సరిహద్దు వైపు ఉన్న నేలలో చాలా భాగం చివావా ఎడారి కిందికి వస్తుంది. ఎడారి అనగానే ఇసుక తిన్నెలనుకోకండి. ఇక్కడున్నవి రాతి కొండలు, నిట్టనిలువు చరియలు, ఎండిపోయిన వాగులు. వానకు మొహంవాచిన మన అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఇక్కడ చాలాచోట్ల అందులో సగమే పడుతుంది. నాగజెముడు జాతులు, మన కిత్తనారకు చుట్టాలైన ముళ్ల మొక్కలు రాళ్ల మధ్య పెరుగుతాయి.

ఈ నేలను రాంచ్‌లుగా పంచుకున్నారు. రాంచ్ అంటే పశువులు మేపుకొనే పెద్ద బీడు. ఒక్కొక్కటి వేల ఎకరాలుంటుంది. టెక్సస్‌లో నూటికి 90 పాళ్లకు పైగా భూమి ప్రైవేటు వ్యక్తులదే. అయితే ఒక విశేషం ఉంది. నేల ఆసామిదే గాని, దానిమీద తిరిగే అడవి జంతువు ఆసామిది కాదు. అది రాష్ట్ర ప్రజలందరిదీ. కనుక తన కొండ మీది అడవి గొర్రెనైనా సరే, ప్రభుత్వ అనుమతి లేకుండా ఆసామి కాల్చకూడదు.

మనం చూడబోయే జంతువు పేరు ఎడారి బిగ్‌హార్న్ గొర్రె. బిగ్‌హార్న్ అంటే పెద్ద కొమ్ము అని అర్థం. పొట్టేలు 60 నుంచి 90 కిలోల దాకా తూగుతుంది. దాని కొమ్ములు ముందు వెనక్కి వంగి, కిందికి దిగి, మళ్లీ ముందుకు చుట్టుకుంటాయి. ఆడగొర్రె చిన్నది. దాని కొమ్ములు సన్నగా, కొద్దిగా మాత్రమే వంగి ఉంటాయి. చలికాలంలో పచ్చిమేత దొరికితే ఈ గొర్రెలు వారాల తరబడి నీళ్లు తాగకుండానే గడపగలవు. మొక్కల్లో ఉన్న నీరే వాటికి సరిపోతుంది.

ప్రతి ఏడూ ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వన్యప్రాణి శాఖవారు హెలికాప్టర్‌లో తిరిగి ఈ గొర్రెలను లెక్కపెడతారు. బాగా ఎదిగిన పొట్టేళ్లు ఎన్ని కనిపించాయో చూసి, చాలా కొద్ది వేట అనుమతులు మాత్రమే ఇస్తారు. ఒక అనుమతికి ఒకే పొట్టేలు.

కొండ మీద గాలి

చలికాలపు తెల్లవారుజాము. గైడు నడవడం లేదు. కూర్చుని చూస్తున్నాడు. గొర్రె రంగు రాయి రంగులో కలిసిపోతుంది. కాని దాని వెనుక భాగాన తెల్లటి మచ్చ ఉంటుంది. గైడు కళ్లు వెతికేది ఆ మచ్చనే.

అతని దగ్గర రెండు పరికరాలున్నాయి. మెడలో 10 రెట్లు పెద్దగా చూపే బైనాక్యులర్లు, మూడుకాళ్ల స్టాండు మీద 60 రెట్ల దాకా చూపే దూరదర్శిని. ఒక చిన్న లెక్క చేయండి. పొట్టేలు 1200 మీటర్ల దూరంలో ఉంది. 60 రెట్ల దూరదర్శినిలో అది ఎంత దగ్గరగా ఉన్నట్టు కనిపిస్తుంది? 1200ను 60తో భాగిస్తే 20. అంటే 20 మీటర్ల దూరంలో ఉన్నట్టు!

అదిగో, ఎదుటి చరియ మీద రెండు పొట్టేళ్లు! ఇక దగ్గరికి వెళ్లాలి. ఎటునుంచి? కింది నుంచి వెళితే వెంటనే చూసేస్తాయి. గొర్రె కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. కంటిపాప గుండ్రంగా కాకుండా అడ్డంగా, పలకలా ఉంటుంది. దానివల్ల తల తిప్పకుండానే తన చుట్టూ ఉన్న నేలలో ఎక్కువ భాగం చూడగలదు. మీ ఇంట్లో మేక ఉంటే పగటిపూట దాని కంట్లోకి చూడండి. అదే అడ్డపాప కనిపిస్తుంది.

కొండగొర్రెలు శత్రువు కిందినుంచి వస్తుందని ఎదురుచూస్తాయి. ప్రమాదం తోస్తే పైకి పరుగెడతాయి. అందుకే గైడు చుట్టూ తిరిగి కొండ పైకి ఎక్కుతాడు. దీనికి మరో కారణం కూడా ఉంది. పొద్దెక్కేకొద్దీ ఎండకు కొండవాలు వేడెక్కుతుంది. దాన్ని తాకిన గాలి వేడెక్కి తేలికై వాలు వెంబడి పైకి పోతుంది. కనుక పైన ఉన్న మనిషి వాసన కింద ఉన్న గొర్రెకు చేరదు. రాత్రి దీనికి సరిగ్గా తలకిందులు. చల్లబడ్డ గాలి బరువెక్కి లోయలోకి జారుతుంది. తెల్లవారుజామున పైనుంచి వెళ్లి ఉంటే మన వాసన మనకంటే ముందే పొట్టేలును చేరేది! గైడు చిన్న సీసాలోంచి పిసరంత పౌడరు గాలిలోకి వదిలి, అది ఎటు పోతోందో చూసుకుంటూ అడుగు వేస్తాడు.

పొట్లాల మీద పొట్లాలు

ఇప్పుడు పొట్టేళ్లు 300 మీటర్ల దూరంలో, మనకంటే కిందుగా ఉన్నాయి. ఒకదాని కొమ్ములు నిండుగా చుట్టుకుని, మొనలు వాడిగా, చూడముచ్చటగా ఉన్నాయి. రెండోదాని కొమ్ములు లావుగా ఉన్నాయి గాని, మొనలు విరిగి మొద్దుబారాయి. అనుమతి ఉన్న వేటగాడు మొదటిదాని వైపు చూపించాడు. గైడు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగండి. ముందు లెక్కపెట్టనివ్వండి."

ఏమిటా లెక్క? దానికి ముందు కొమ్ము అంటే ఏమిటో తెలుసుకోవాలి.

మన అడవుల్లో దుప్పికి కొమ్మలు కొమ్మలుగా ఉండే కొమ్ములు ఎముకతో తయారవుతాయి. అవి రాలిపోయి మళ్లీ కొత్తవి మొలుస్తాయి. గొర్రె కొమ్ము అలాంటిది కాదు. లోపల ఎముక మొన ఉంటుంది. దానిమీద కెరాటిన్ అనే పదార్థపు తొడుగు ఉంటుంది. మీ గోళ్లు, వెంట్రుకలు కూడా కెరాటిన్‌తోనే తయారయ్యాయి. ఈ కొమ్ము ఎన్నడూ రాలిపోదు. బతికినంతకాలం మొదలు దగ్గర పెరుగుతూనే ఉంటుంది.

శనగల పొట్లాలు కట్టే కాగితపు గొట్టాలను తలచుకోండి. ఒకదాని మీద ఒకటి బోర్లిస్తే ఎలా ఉంటుంది? ఏటేటా కింద ఒక కొత్త పొట్లం చేరి, పాతవాటిని పైకి నెడుతున్నట్టు ఊహించండి. కొమ్ము పెరిగే తీరు అదే. అంటే మొన అన్నిటికంటే పాతది, మొదలు కొత్తది. ఏడాదిలో ఒక కాలంలో మేత తగ్గుతుంది. జతకూడే కాలంలో పొట్టేళ్లు మేత మరిచి తిరుగుతాయి, ఢీకొంటాయి. అప్పుడు పెరుగుదల దాదాపు ఆగి, మళ్లీ మొదలవుతుంది. ఆగినచోట లోతైన గీత పడుతుంది. ఇవే వార్షిక వలయాలు. చెట్టు మానులో వలయాలున్నట్టే కొమ్ము మీద ఇవి. తేడా ఏమిటంటే, వీటిని లెక్కించడానికి కొయ్యనక్కర్లేదు.

అయితే లెక్క అంత తేలిక కాదు. కొమ్మంతా అడ్డంగా చిన్న చిన్న ముడతలుంటాయి. వాటిని వలయాలుగా పొరబడకూడదు. ముదిరిన పొట్టేళ్లలో మొనలు రాళ్లకు రాసుకుని, పోట్లాటల్లో విరిగి అరిగిపోతాయి. వాటితోపాటు మొదటి ఏడాది గుర్తు కూడా పోవచ్చు. వయస్సు ముదిరేకొద్దీ ఏటి పెరుగుదల తగ్గిపోతుంది కనుక, మొదలు దగ్గర వలయాలు పుస్తకంలో పుటల్లా దగ్గరదగ్గరగా ఇరుక్కుని ఉంటాయి.

గైడు దూరదర్శినిలో చూస్తూ నోట్లోనే లెక్కపెట్టుకున్నాడు. అందమైన కొమ్ముల పొట్టేలుకు వలయాల మధ్య ఎడం ఎక్కువ. వయస్సు 5 ఏళ్లు. మొద్దుకొమ్ముల పొట్టేలుకు మొదట్లో వలయాలు కిక్కిరిసి ఉన్నాయి. వయస్సు కనీసం 10. ఈ పొట్టేళ్లు సాధారణంగా బతికేది 10 నుంచి 14 ఏళ్లు.

"పెద్దాయన్నే," అన్నాడు గైడు, "చిన్నవాణ్ణి వదిలేద్దామండి."

అందమైనదాన్ని ఎందుకు వదిలాడు?

పొడవైన కొమ్ములు గోడకు తగిలించుకుంటే గొప్ప కదా! మరి దాన్నెందుకు వదిలేయమన్నాడు? దీనికి జవాబు కెనడాలో దొరికింది.

అక్కడి ఆల్బర్టా రాష్ట్రంలో రామ్ మౌంటెన్ అనే కొండ ఉంది. అక్కడున్నవి ఎడారివి కావు, చలిప్రాంతపు బిగ్‌హార్న్ గొర్రెలు. శాస్త్రజ్ఞులు ఆ కొండ మీద ఒక్కొక్క గొర్రెనూ గుర్తుపట్టి, కొమ్ములు కొలిచి, దాని పిల్లల వివరాలు కూడా 30 ఏళ్లపాటు రాసుకున్నారు. అక్కడ వేట నియమం వయస్సును బట్టి కాదు, కొమ్ము ఎంత చుట్టు తిరిగిందన్నదాన్ని బట్టి ఉండేది. ఫలితం ఏమై ఉంటుందో ఊహించండి. కొమ్ములు త్వరగా పెరిగే పొట్టేళ్లు నాలుగైదేళ్లకే "కాల్చదగినవి" అయిపోయాయి. పెద్ద గొర్రెలదే పైచేయి గనుక, ఆ వయస్సుకు అవి ఇంకా ఎక్కువ పిల్లలకు తండ్రులు కాలేదు. కొమ్ములు నెమ్మదిగా పెరిగేవి మాత్రం బతికిపోయి సంతతిని పెంచుకున్నాయి. కొమ్ము పరిమాణం చాలావరకు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే లక్షణం. 2003లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆ 30 ఏళ్లలో పొట్టేళ్ల కొమ్ములూ, బరువూ సగటున తగ్గిపోయాయి. ఇందులో మేత కొరత పాత్ర ఎంత, వేట పాత్ర ఎంత అని శాస్త్రజ్ఞులు తర్వాత వాదించుకున్నారు గాని, హెచ్చరిక స్పష్టంగానే ఉంది.

రైతు మంచి గింజను విత్తనానికి ఉంచుకుని, తాలును పారబోస్తాడు. ఇక్కడ వేటగాళ్లు తెలియకుండానే మంచి గింజను తీసేసి, తాలును విత్తనానికి ఉంచారన్నమాట! కొమ్ము పొడవు కాక వయస్సు చూసి ఎంచితే ఈ ప్రమాదం తగ్గుతుంది. పదేళ్ల పొట్టేలు తన సంతతిని అప్పటికే కొండ మీద వదిలిపెట్టి ఉంటుంది.

ఒకప్పుడు ఒక్కటీ లేదు

పొట్టేళ్లు నెమరు వేస్తూ పడుకున్నాయి. ముసలిది లేచి పక్కకు తిరిగేదాకా మనం కదలకూడదు. ఈలోగా ఈ కొండల కథ చెప్పుకుందాం.

1880ల ప్రాంతంలో ఇక్కడ సుమారు 1500 బిగ్‌హార్న్ గొర్రెలుండేవని అంచనా. రైలు మార్గాలు, గనులు వచ్చాయి. పనివాళ్లకు మాంసం కావలసివచ్చింది. అడ్డూ ఆపూ లేని వేట సాగింది. మరోవైపు పెంపుడు గొర్రెల మందలు వచ్చాయి. అవి మేతలో పోటీపడ్డాయి, రోగాలు అంటించాయి. ముళ్లకొండలకు అడ్డంగా తీగవలల కంచెలు లేచాయి. 1903లో టెక్సస్ ఈ గొర్రెల వేటను నిషేధించింది. అయినా తగ్గుదల ఆగలేదు. 1945లో సియెర్రా డయాబ్లో కొండల్లో వీటికోసం ఒక రక్షిత ప్రాంతం ఏర్పాటు చేశారు. అదీ ఆలస్యమైపోయింది. 1960ల మొదటికల్లా టెక్సస్ సొంత బిగ్‌హార్న్ గొర్రె ఒక్కటీ మిగలలేదు.

ఇప్పుడు మన ఎదుట ఉన్నవి ఎక్కడివి మరి? 1950ల చివరినుంచి ఆరిజోనాతో మొదలుపెట్టి, ఇతర ప్రాంతాల నుంచి గొర్రెలను తెచ్చి, కంచెల్లో పెంచి, కొండల్లో వదులుతూ వచ్చారు. వాటికోసం కొండ మీద రేకుల కప్పులు వేసి, వాన నీటిని తొట్లలో పట్టారు. 1987లో ఎలిఫెంట్ మౌంటెన్ అనే కొండ మీద 20 గొర్రెలను వదిలారు. అవి పెరిగి, తర్వాత ఇతర కొండలకు విత్తనపు మంద అయ్యాయి. 1988లో మళ్లీ అతి కొద్దిగా వేటకు అనుమతులిచ్చారు. 2010ల చివరికి సంఖ్య తిరిగి 1500 దగ్గరికి చేరింది.

ఇందుకు డబ్బెక్కడిది? అమెరికాలో 1937 నాటి చట్టం ప్రకారం వేట తుపాకులు, తూటాల మీద నూటికి 11 వంతులు పన్ను వసూలు చేసి, వన్యప్రాణుల పనులకు పంచుతారు. అదికాక ఒక్కొక్క గొర్రె వేట అనుమతి వేలంలో లక్ష డాలర్లు దాటిన సందర్భాలున్నాయి. గొర్రెలుంటే తన రాంచ్‌కు రాబడి ఉంటుంది గనుక, ఆసామి కూడా వాటిని కాపాడతాడు. ఏ వేట ఈ గొర్రెను తుడిచిపెట్టిందో, ఆ వేట మీది డబ్బే దాన్ని తిరిగి తెచ్చింది. తేడా ఎక్కడుందో గమనించారా? అప్పుడు లెక్క లేదు. ఇప్పుడు లెక్క ఉంది.

తుపాకీ పేలింది

మధ్యాహ్నం ముసలి పొట్టేలు లేచింది. తుపాకీ ఒక్కసారి పేలింది. పొట్టేలు నాలుగడుగులు వేసి పడిపోయింది. కుర్ర పొట్టేలు చరియ ఎక్కి, ఒకసారి వెనక్కి చూసి మాయమైంది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. గైడు దగ్గరికి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, కొమ్ము మీద వేలు పెట్టి మళ్లీ లెక్కపెట్టాడు. పది వలయాలు. అరిగిపోయిన మొనతో ఒకటి పోయి ఉంటుంది. అంటే పదకొండు. దూరం నుంచి వేసిన అంచనా దాదాపు సరిపోయింది. కాని చచ్చిన పొట్టేలు కొమ్ము మీద కనిపించిన తప్పును దిద్దుకోలేం. అందుకే అతను అంతసేపు ఆగి చూశాడు.

తూటా కంటే పెద్ద ప్రమాదం

ఇప్పుడు నోటుపుస్తకం తీయండి. ఇవి లెక్కకోసం ఊహించిన అంకెలు. ఒక కొండ మీద 50 ఆడగొర్రెలు, 30 పొట్టేళ్లు ఉన్నాయి. గొర్రె ఏడాదికి ఒక పిల్లను ఈనుతుంది.

ఒకటి: ఒక ముసలి పొట్టేలు పోయింది. వచ్చే ఏడు ఎన్ని పిల్లలు? మిగిలిన 29 పొట్టేళ్లున్నాయి కనుక 50 పిల్లలే.

రెండు: 5 ఆడగొర్రెలు పోయాయి. 45 పిల్లలు.

మూడు: గొర్రెలన్నీ ఉన్నాయి, 50 పిల్లలూ పుట్టాయి. కాని ఒక రోగం వచ్చి 47 పిల్లలను చంపింది. మిగిలినవి 3.

మూడోది కల్పన అనుకుంటున్నారా? అంకెలు కల్పనే గాని, రోగం నిజం. దాన్ని కలిగించే సూక్ష్మజీవి పేరు మైకోప్లాస్మా ఓవిన్యుమోనియే. మన ఊపిరి గొట్టాల లోపలి గోడకు శైలికలు అనే సన్నని నూగు ఉంటుంది. అవి చీపురులా కదులుతూ దుమ్మును, క్రిములను బయటికి ఊడుస్తాయి. గొర్రెకూ అంతే. ఈ సూక్ష్మజీవి శైలికలకు అంటుకుని ఆ ఊడుపును ఆపేస్తుంది. ఊడ్చే చీపురు ఆగితే ఇతర బాక్టీరియా లోపలికి దిగి న్యుమోనియా కలిగిస్తాయి. పెంపుడు గొర్రెలు, మేకలు దీన్ని పెద్దగా జబ్బు పడకుండానే మోయగలవు. అడవి గొర్రెలు, ముఖ్యంగా పిల్లలు, తట్టుకోలేవు.

టెక్సస్‌లో దీన్ని మోస్తున్న మరో జంతువుంది. అది ఔదాద్ అనే ఉత్తర ఆఫ్రికా కొండగొర్రె. 1950లలో దాన్ని వేటకోసమే తెచ్చి వదిలారు. అది విపరీతంగా పెరిగింది. 2019 తర్వాత ఈ రోగంవల్ల బిగ్‌హార్న్ మందలు చాలా దెబ్బతిన్నాయి. 2024 డిసెంబరులో ఎలిఫెంట్ మౌంటెన్ నుంచి ఆరోగ్యంగా ఉన్న 77 గొర్రెలను పట్టి, ఎల్ పాసో నగరం దగ్గరి ఫ్రాంక్లిన్ కొండల్లో వదిలారు. కొత్తచోట కొత్తమంద నిలదొక్కుకోవాలని ఆశ.

వేటగాడి తూటాను నియమాలతో అదుపు చేయవచ్చు. వేటకోసం తెచ్చి వదిలిన జంతువుతో వచ్చిన రోగాన్ని అదుపు చేయడం ఎంత కష్టమో చూశారా?

మీరేమంటారు?

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం సరదా వేటను అనుమతించదు. టెక్సస్ వాళ్లు లెక్కగట్టి కొన్నిటిని వేటాడనిచ్చి, ఆ డబ్బుతో మిగిలినవాటిని కాపాడుతున్నారు. "ఒక ముసలి పొట్టేలు ప్రాణంతో వంద గొర్రెలకు కొండ దక్కితే తప్పేమిటి?" అని కొందరంటారు. "కాపాడటానికి చంపాలా? ఆ డబ్బు మరోలా సేకరించలేమా?" అని మరికొందరంటారు. ఎంత డబ్బు వస్తుందో, ఎన్ని గొర్రెలు మిగులుతాయో విజ్ఞానశాస్త్రం లెక్కగట్టి చెప్పగలదు. ఒక ప్రాణం తీయడం తగునా అన్నది లెక్కతో తేలే ప్రశ్న కాదు. అది మనిషి ఆలోచించి తేల్చుకోవలసింది. తరగతిలో రెండు జట్లుగా చీలి వాదించి చూడండి. అయితే వాదానికి ముందు మీ ఆధారాలను గైడు వలయాలను లెక్కపెట్టినంత ఓపికగా లెక్కపెట్టుకోండి.

చేసి చూడండి

1. మందలోని రెండు మూడు పొట్టేళ్ల కొమ్ములను, కాపరి దగ్గరుండగా పరిశీలించండి. వలయాలను బట్టి వయస్సు ముందు మీరు రాసుకుని, తర్వాత కాపరిని అడగండి. తేడా వస్తే ఎందుకు వచ్చిందో ఆలోచించండి. ఏడాదంతా ఒకేలా మేత దొరికితే వలయం స్పష్టంగా పడుతుందా?

2. మీ ఊరి దగ్గర గుట్ట ఉంటే ఉదయం 6 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు వాలు మీద కొద్దిగా పౌడరు గాలిలోకి వదిలి, అది ఎటు పోతుందో రాసుకోండి.

3. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు వస్తుంది. 50 చదరపు మీటర్ల రేకుల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే గొర్రెల తొట్టిలోకి ఎన్ని లీటర్లు చేరాలి? మీ బడి కప్పుకు కూడా లెక్కకట్టండి.